మూడో నంబరు

ఆదోనిలో బడే సాబ్ ఇంటి ముందు ఉచ్చీరప్ప జట్కా దిగేసరికి పదకొండూ ఇరవై అయింది. అప్పటికే వాకిట్లో నిలిపిన నల్ల కారు కింద నుంచి రెండు కాళ్లు బయటికి చాచి ఉన్నాయి. తెల్ల పంట్లాం, అద్దంలా మెరిసే బూట్లు. ఇది ఎవరని తెలుసుకోవడానికి డిటెక్టివే కానక్కరలేదు. పట్టపగలు తెల్ల పంట్లాం తొడుక్కుని కారు కింద దూరే పెద్దమనిషి ఈ చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు.

"బసవన్నగారూ, నంబరు దొరికిందా, తమరు గూడా తప్పిపోయినారా?"

కాళ్లు కదిలాయి. ముందు పంట్లాం, తర్వాత కోటు, చివరికి మసిబొగ్గులాంటి మొహం బయటికొచ్చాయి. ఇన్సూరెన్సు కంపెనీ తరఫున దొంగల్ని పట్టే బసవన్న బళ్లారివాడు. బడే సాబ్ కబురంపితే వచ్చిన ఉచ్చీరప్ప ఆదోనిలో సొంతంగా డిటెక్టివ్ పని చేసుకుంటాడు. ఆయనకీ ఈయనకీ ఇంతకు ముందు రెండుసార్లు పోటీ పడింది. ఒకసారి ఆయన గెలిచాడు, ఒకసారి ఈయన గెలిచాడు. ఎవరు ఎప్పుడు గెలిచారన్నది మాత్రం ఇద్దరూ రెండు రకాలుగా చెబుతారు.

"నంబరు దొరక్కపోయినా దొంగ దొరికినాడప్పా," అన్నాడు బసవన్న చేతిగుడ్డతో మొహం తుడుచుకుంటూ. ఆ తుడుపుతో మసి చెవుల దాకా పాకింది. "మూడున్నర రైలుకు బండి ఓనరు బళ్లారి నుంచి దిగుతాడు. ఇది నా బండే అంటాడు. అయిదింటికి నీ బడే సాబ్ పోలీసు స్టేషన్లో ఉంటాడు."

అరుగు మీద కూర్చున్న బడే సాబ్ తలెత్తలేదు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని దాని అంచు తిప్పుతూనే ఉన్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య ఆరేళ్లుగా బాడుగ కారు తోలుతున్నాడు. ఎవరి పెళ్లికైనా, ఎవరి కాన్పుకైనా ఆ కారే వెళ్లేది. ఇప్పుడు ఆ వీధివాళ్లంతా గుమ్మాల్లో నిలబడి అతన్నే చూస్తున్నారు.

విషయం ఇదీ. నవంబరు పన్నెండో తేదీ, శనివారం రాత్రి, బళ్లారిలో పత్తి వ్యాపారి సిద్దప్ప కారు ఆయన ఇంటి ముందు నుంచే మాయమైంది. విదేశం నుంచి తెప్పించిన నల్ల కారు. ఇన్సూరెన్సు కోసం ఆయన కంపెనీకి అర్జీ పెట్టుకున్నాడు. మూడు వారాల తర్వాత, అంటే నిన్న, బసవన్న ఏదో పని మీద ఆదోనిలో దిగి బడే సాబ్ బండి ఎక్కాడు. వెనక సీటు మీద రేగ్గింజంత సిగరెట్టు కాలిన చిల్లు కనబడింది. సిద్దప్ప అర్జీలో అచ్చం అలాంటి చిల్లు గురించి రాసి ఉంది. బసవన్న బానెట్టు ఎత్తించాడు. కారు కంపెనీవాళ్లు నంబరు కొట్టి బిగించే ఇత్తడి పలక లేదు, మేకుల చిల్లులు మాత్రం ఉన్నాయి. ఇంజిను మీద నంబరును ఎవరో ఆకురాయితో నున్నగా అరగదీశారు.

"బాగుంది," అన్నాడు ఉచ్చీరప్ప జేబులోంచి వేయించిన వేరుశనగ బుడ్డలు తీసి నోట్లో వేసుకుంటూ. "బయటి నంబరు రంగుతో రాసేది. ఎవరైనా మార్చొచ్చు. ఇంజినుదేమో అరిగిపోయింది. ఇంక మూడోది, చాసీ నంబరు, బండి అడుగు చట్రానిది. పలక ఊడిపోయినా, చాసీ ఇనుము మీద గూడా అది కొట్టి ఉంటాది. ఆ నంబరు బడే సాబ్ రిజిస్ట్రేషను పుస్తకంలో ఉండేదైతే బండి ఆయనది. సిద్దప్పదైతే…"

"అది నాకు తెలవదా? పొద్దున్నుంచి ఎదుకుతాండేది దాన్నే గదా! ముందర చూసినా, వెనక చూసినా. ఇనుమంతా జానెడు మట్టి, గ్రీసు. ఉంటే గదా దొరికేకి!"

ఉచ్చీరప్ప కారు చుట్టూ ఒక్కసారి తిరిగాడు. కిందికి వంగలేదు. ఆయన పంచె ఇస్త్రీది. పైగా ఆ పంచె ఉతికే ఇల్లాలికి ఆయన ఎప్పుడూ కాస్త భయపడతాడు.

"బడే సాబ్, దసరాకు ఈ బండికి ఆయుధపూజ సేసేది ఎవరు?"

బసవన్న నవ్వాడు. "పంచాంగం గూడా తెప్పిచ్చమంటావా?"

"పక్కింటి భీమక్కప్పా," అన్నాడు బడే సాబ్. "నేను ఫాతెహా చదివిస్తా, ఆయమ్మ టెంకాయ కొడ్తాది. ఇద్దరు దేవుళ్లూ సూసుకుంటే బండికి మంచిదే గదా."

భీమక్క దూరంగా ఏమీ లేదు. ప్రహరీ గోడ అవతల నుంచి అంతా వింటూనే ఉంది. పిలవగానే కొంగు నడుముకు దోపుకుని వచ్చింది. జిన్నింగు మిల్లులో పత్తి ఏరే మనిషి. ఒంటిగంటకు పనిలోకి పోవాలి.

"అక్కా, బండికి బొట్టు యాడ పెడ్తావు?"

"మొగానికి."

"మొగమంటే? ఈ దీపాలకా?"

భీమక్క ఆయన్ని జాలిగా చూసింది. "దీపాలు కండ్లు గద నాయనా. కండ్లకు ఎవరన్నా బొట్టు పెడ్తారా? అన్న బండి తెచ్చిన కొత్తల్లో సూపిచ్చినాడు, ఇదో ఈడ ఇనుము మీద దీని పేరు కొట్టినారు సెల్లే అని. పేరుండేదే మొగం. ఏటా గోనెపట్ట పరుసుకొని, పండుకొని పెడ్తా."

"యాడ?"

ఆమె డ్రైవరు వైపు ముందు చక్రం దగ్గర చతికిలబడి, చక్రం వెనక చెయ్యి దూర్చి, లోపలి పొడుగాటి ఇనుము మీద ఒకచోట వేలు పెట్టింది. బసవన్న బూట్లు పొద్దున్నుంచి సరిగ్గా ఆ చోటికి జానెడు దూరంలో తన్నుకుంటున్నాయి.

"ఇంతకీ ఈ ఆమెకు జీతం ఎంతిస్తావు, ఉచ్చీరప్పా?" అన్నాడు బసవన్న, పోయిన పరువు కొంత దక్కించుకుందామని.

"నాకు ఇయ్యలేరు లే," అంది భీమక్క.

ఇంట్లోంచి బడే సాబ్ భార్య రసూల్‌బీ గిన్నెలో కిరసనాయిలు, కొబ్బరిపీచు తెచ్చి అరుగు మీద పెట్టింది. తలుపు చాటున నిలబడి భర్తను చూసింది. ఉచ్చీరప్ప ఆ చూపును గమనించాడు. భయపడే మనిషి చూపు కాదు అది. పాలు పొంగుతాయని తెలిసి కూడా పొయ్యి దగ్గరికి పోలేని మనిషి చూపు.

భీమక్కే రుద్దింది. మట్టి పెళ్లలుగా రాలింది. గ్రీసు కరిగింది. తెల్లటి గుడ్డతో తుడిచేసరికి ఇనుము మీద అంకెలు ఒక్కొక్కటే పైకి తేలాయి. బసవన్న గోనెపట్ట మీద పడుకుని, పల్చటి కాగితం అంకెల మీద ఆనించి, పెన్సిలుతో రుద్ది అచ్చు తీశాడు. లేచి, జేబులోని డైరీతో సరిచూసుకున్నాడు. మొదటి అంకె నుంచి చివరి అంకె దాకా రెండుసార్లు.

అప్పుడు ఆయన మొహం మసిలోంచి కూడా వెలిగింది.

"సిద్దప్ప బండి! ఒక్క అంకె తేడా లేదు. ఉచ్చీరప్పా, నీ కేసు నీ చేత్తోనే నాకు అప్పగించినావు. నీ రుణం ఉంచుకోను, రాత్రికి భోజనం నాది."

బడే సాబ్ ఒళ్లోని టోపీ కింద పడింది. "అల్లా సాచ్చిగా సెప్తాండా అప్పా, నేను బళ్లారికి పోయి ఏడాదైంది. నేను దొంగనా? ఈ ఊర్లో ఎవురినన్నా అడుగుండ్రి."

ఉచ్చీరప్ప వినలేదు. భీమక్క చేతిలోని గుడ్డ తీసుకుని వెలుతురుకు పట్టి చూస్తున్నాడు.

"అక్కా, మొన్న దసరాకు బొట్టు దేంతో పెట్టినావు?"

"పసుపు, కుంకం. ఆముదంలో కలిపి పూస్తా, నిలవాలని."

"ఆరేండ్లూ?"

"ఆరేండ్లూ. పాతది గీకను. దాని మీదనే. పెనానికి మాడిన అట్టు మాదిరి అంటుకొనింటాది, ఉలి పెట్టి కొట్టినా ఊడదు."

"మరి ఈ గుడ్డ సూడు. మట్టి ఉంది, గ్రీసు ఉంది. పసుపు యాది? కుంకం యాది? దసరా పోయి నలభై దినాలు గూడా కాలేదు."

భీమక్క గుడ్డ చూసింది. మళ్లీ వంగి ఇనుము చూసింది. ఆమె చెయ్యి నోటి మీదికి పోయింది.

"బడే సాబ్," అన్నాడు ఉచ్చీరప్ప నెమ్మదిగా, "నువ్వు దొంగవు కాదు. కానీ ఈ బండి నీది కాదు."

"ఏంది మాట్లాడేది?" బడే సాబ్ లేచి నిలబడ్డాడు. జైలంటే రాని కోపం ఈ మాటకు వచ్చింది. "నా బండి నాకు తెలవదా? ఆరేండ్లు నా చేతి కింద తిరిగింది. నా బండి నాకు తెలవదా?"

"తెలవలేదు గదా," అంది తలుపు చాటు నుంచి రసూల్‌బీ.

అందరూ అటు తిరిగారు. ఆమె కొంగు సర్దుకుంటూ గడప దాటి వచ్చింది.

"పాతది దగ్గుతాండె. వీధి మొగదాల్లో రెండు దగ్గులు దగ్గితే, ఈయప్ప వచ్చినాడని నేను పెనం మీద రొట్టె ఏస్తాంటి. ఎమ్మిగనూర్లో బజారి షెడ్డు నుంచి రిపేరై వచ్చినప్పటి నుంచి దగ్గే లేదు. ఈయప్ప సడీ సప్పుడు లేకుండా వచ్చి నిలబడ్తాడు, నేను రొట్టెకు ఉరకాల. అది మన బండి కాదని నాకు ఆ పొద్దే తెలిసింది."

"తెలిసీ నాకు సెప్పలేదా?" అన్నాడు బడే సాబ్.

"ఎట్ల సెప్పాల? నా శిష్యుడు బజారి చెయ్యి పడితే దగ్గు పోయిందని ఊరంతా సెప్పుకొని తిరిగితివి. కొడుకు పరీచ్చ పాసైనట్ల నవ్వుకుంటాంటివి. ఇన్నేండ్లకు అంత సంతోసం సూసి, ఏ నోటితో సెప్పాల? బజారి ఏదో మంచికే సేసింటాడులే అనుకుంటి. ఇప్పుడు సెప్తే, ఆ పిల్లోన్ని పట్టుకొనిపోతారు. సెప్పకుంటే నిన్ను. నా చేతుల్లో పెంచిన పిల్లోడు గదా వాడు."

బజారి సంగతి ఆ వీధిలో అందరికీ తెలుసు. పదేళ్ల వయసులో బడే సాబ్ దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చి, ఆ ఇంట్లోనే తిని పెరిగి, ఇప్పుడు ముప్పై అయిదేళ్ల వయసులో ఎమ్మిగనూరులో సొంత షెడ్డు పెట్టుకున్నాడు.

"దగ్గు ఏ దినం మానింది, రసూల్‌బీ?" అన్నాడు ఉచ్చీరప్ప.

"జుమ్మేరాత్ నాడు. సాయంత్రం దర్గాకు పోయి, దగ్గు తగ్గిందని ఈయప్ప చక్కెర పంచినాడు."

"బేస్తవారం. ఏ బేస్తవారం?"

"నవంబరు పదో తేదీ," అన్నాడు బడే సాబ్ నేల చూపులు చూస్తూ. "ఆ పొద్దే షెడ్డు నుంచి తెచ్చుకొంటి."

ఉచ్చీరప్ప చేతిలోని ఆఖరి బుడ్డ పొట్టు ఊదాడు. "బసవన్నగారూ, సిద్దప్ప బండి బళ్లారిలో పోయింది పన్నెండో తేదీ, శనివారం రాత్రి. మరి బేస్తవారం సాయంత్రమే అది ఆదోని దర్గా ముందర దగ్గకుండా ఎట్ల నిలబడింది?"

బసవన్న డైరీ తీసి తేదీ చూశాడు. "ఆడమనిషి… దినం తప్పు సెప్పొచ్చు గదా."

"దినాలు తప్పితే సంసారాలు నడస్తాయా సారూ?" అంది రసూల్‌బీ. "దర్గాలో చక్కెర తిన్నోళ్లను అడుగుండ్రి. నలభై మంది ఉంటారు."

"చక్కెర తిన్నోళ్ల సాచ్చికం కోర్టుకు చాలదు. కాగితం కావాల."

"కావాల," అని ఒప్పుకున్నాడు ఉచ్చీరప్ప. "ఎమ్మిగనూరుకు పోదాం. బజారిని అడుగుదాం. బండిని తమరు వదిలేటట్టు లేరు, కాబట్టి బండ్లోనే పోదాం."

ఇన్సూరెన్సు మనిషి, తన దొంగ చేత తన దొంగ సొత్తు తోలించుకుంటూ బయలుదేరినప్పుడు ఒంటిగంటకు పది నిమిషాలుంది. భీమక్క మిల్లుకు పోయింది. రసూల్‌బీ తలుపేసుకుంది.

బడే సాబ్ ఆ బండిని పరాయి పిల్లను ఎత్తుకున్నట్టు తోలాడు. మధ్యలో ఒక జీపు ఎదురై దుమ్ము మొహాన కొట్టి పోయింది. దాన్నీ తిట్టలేదు. కోటేకల్ ఎక్కుడులో బండి చప్పుడు లేకుండా నూనె మీద జారినట్టు పైకి పోయింది.

"ఎక్కుతాంది సూడు, సిగ్గు లేకుండా," అన్నాడు. అంతే.

రెండింటికి షెడ్డు చేరారు. బజారి లోపల పీప మీద కూర్చుని ఉన్నాడు. పెదవి వాచి, ఎడమ కన్ను సగం మూసుకుపోయి ఉంది. బడే సాబ్‌ని చూడగానే లేచి, రాబోయి, ఆగిపోయాడు.

"మామా."

"నా బండి యాడరా?"

బజారి షెడ్డు మూల కప్పి ఉన్న టార్పాలిను లాగాడు. వంకరపోయిన చాసీ ఇనుము. దాని మీద ఒకచోట అరచెయ్యంత మేర, పసుపూ కుంకుమా ఆముదంతో పేరుకుని, ఎండిన బెల్లంగడ్డలా ఉంది.

బడే సాబ్ దాని ముందు కూర్చుని అరచెయ్యి దాని మీద ఆనించాడు. బసవన్న టోపీ తీశాడు. ఎందుకు తీశాడో ఆయనకే తెలియదు. తీశాక మళ్లీ పెట్టుకోవడానికి సిగ్గుపడి చేతిలోనే ఉంచుకున్నాడు.

"ఆరో తేదీ, ఆదివారం," అన్నాడు బజారి. "బ్రేకులు సూద్దామని దిన్నె మీద నిలిపినా మామా. నీ బండికి చేతి బ్రేకు లేదని, చక్రానికి రాయి పెట్టాలని నాకు తెలవదా? నువ్వు నేర్పిన మొదటి పాఠం అదే గదా. బీడీ ముట్టిచ్చుకుంటా మర్సిపోయినా. తిరిగి సూసేసరికి కంకర గుంతలో పడింది. నా చేతికి స్పానరు ఇచ్చినోడివి నువ్వు. ఏ మొగం పెట్టుకొని నీకు సెప్పాల? అట్లాంటి బండే యాడన్నా ఉందా అని లారీలోళ్లందరికీ సెప్పినా. మంగళవారం ఎనిమిదో తేదీ ఒక సావుకారు తానే తోలుకొని వచ్చినాడు. పలక ఎప్పుడో ఊడిపోయిందన్నాడు. నా పెండ్లాం కమ్మలు ఇచ్చి కొనినా, పోతే పోనీలే అనుకుంటి. నీ నంబరు రాయిచ్చి నీకు ఇచ్చినా."

"సావుకారు కాగితం ఏమన్నా ఇచ్చినాడా?" అన్నాడు ఉచ్చీరప్ప.

"ఇయ్యనన్నాడు. కమ్మలు తీసిచ్చింది నేను, కాగితం లేకుండా పోనియ్యను అని మా ఆడది ఆయనకు అడ్డం నిలబడింది. కోపంగా గీకి పారేసినాడు."

బజారి బోల్టుల డబ్బా కుమ్మరించి, అడుగున మడిచి పెట్టిన చీటీ తీసి ఇచ్చాడు. ఉచ్చీరప్ప దాన్ని చదవకుండానే బసవన్నకు అందించాడు. అది ఆయన మంచితనం. పక్కనే నిలబడి ఆయన మొహం చూస్తూ ఉండటం మాత్రం మంచితనం కాదు.

బసవన్న సంచిలోంచి ఇన్సూరెన్సు అర్జీ తీసి చీటీ పక్కన పెట్టాడు. రెండు సంతకాలూ ఒక్కటే. మొదటి అక్షరానికి అదే కొక్కెం, చివర అదే పొడుగు తోక. రోజుకు నూరు కాగితాల మీద పడే సంతకం కోపంలో కూడా తప్పు పడలేదు. కింద తేదీ కూడా అలవాటుగానే పడింది. ఎనిమిది, పదకొండు, యాభై అయిదు.

"సిద్దప్ప," అన్నాడు బసవన్న. "ఎనిమిదిన అమ్మినాడు. పన్నెండున దొంగతనం అని మాకు అర్జీ పెట్టినాడు. ఇంజిను నంబరు అరగదీసింది గూడా ఆయనే." మసి మొహంతోనే బడే సాబ్ వైపు తిరిగాడు. "సాబ్, నన్ను క్షమించల్ల. మీ మీద ఇంక ఏ కేసూ లేదు."

బడే సాబ్ తల ఊపాడు, వినబడిందో లేదో.

ఉచ్చీరప్ప మాత్రం బజారి వాచిన పెదవినే చూస్తున్నాడు. "నిన్ను కొట్టింది ఎవరు?"

"ఆ సావుకారే. ఇద్దరు మనుషులతో జీపులో వచ్చినాడు, పన్నెండింటికి. చీటీ యాడరా అని కొట్టినారు."

"పన్నెండింటికా? ఆయన మూడున్నర రైలుకు గదా వచ్చేది!" అన్నాడు బసవన్న. "నిన్న ఆయనకు టెలిగ్రాం ఇచ్చింది నేనే. మీ బండి ఆదోనిలో బడే సాబ్ దగ్గర దొరికింది, అది ఎమ్మిగనూర్లో రిపేరైన బండి, అని అంతా రాసినా."

"చీటీ ఇయ్యకుండా వాళ్లను ఎట్ల పంపించినావు బజారీ?" అన్నాడు ఉచ్చీరప్ప.

బజారి బడే సాబ్ మొహం చూడలేకపోయాడు.

"చీటీ ఇస్తే మామకు ఆధారం పోతాది. చంపేటట్టుండిరి. నోటికి ఏది వస్తే అది సెప్పినా. చీటీ ఆదోనిలో మా మామ ఇంట్లో ఉందని సెప్పినా. నువ్వు ఇంట్లో ఉంటావు, వీధి నిండా జనం ఉంటారు అనుకుంటి మామా. నువ్వు ఇట్ల ఈడికి వస్తావని…"

దుమ్ము కొట్టి పోయిన జీపు ముగ్గురికీ ఒక్కసారే కళ్ల ముందు మెదిలింది. బసవన్న గడియారం చూశాడు. రెండూ ఇరవై. ఆ జీపు ఆదోని చేరి అరగంట దాటి ఉంటుంది. వాళ్లు అడిగే కాగితం రసూల్‌బీ ఇవ్వలేదు. ఇవ్వడానికి ఆమె దగ్గర లేదు. లేదంటే వాళ్లు నమ్మరు.

"పోలీసు స్టేషన్‌కు ఫోను సేద్దాం," అన్నాడు బసవన్న. "పోస్టాఫీసు దగ్గరేనా? చీటీ జాగ్రత్త, ఉచ్చీరప్పా. సాబ్, మీరు కూచోండి, చీటీ మీద మీ వాంగ్మూలం గూడా రాసుకోవాల, అది లేకుంటే కోర్టులో మీకే…"

బడే సాబ్ అప్పటికే షెడ్డు బయట ఉన్నాడు. తన బండి ఇనుము వైపు గానీ, తనను గట్టెక్కించిన చీటీ వైపు గానీ తిరిగి చూడలేదు. స్టీరింగు ముందు కూర్చుని, అవతలి తలుపు విసురుగా తోశాడు.

"కోర్టు గీర్టు తర్వాత సూసుకుందురు," అన్నాడు. "ఎక్కేవాళ్లు ఎక్కుండ్రి. ఆడ నా ముసిల్ది ఒక్కతే ఉంది."